సూరమ్మ గారి కాళ్ళ మీద కుందేలు

1998వ సంవత్సరం. వానలు కుదురుకుని, బందరు ఊరంతా గోడలతో సహా చెమ్మ పట్టి ఉన్న రోజులు. నేను అక్కడి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను. కాగితాల మీద మచిలీపట్నం అని రాసేవాళ్ళమే గానీ, నోటితో ఆ మాట అన్నవాళ్ళు నాకు తగల్లేదు. మాది గుడివాడ. ఉద్యోగం, కాపురం, మా అమ్మాయి పుట్టడం అన్నీ బందరులోనే జరిగాయి. అందుకే ఇప్పటికీ ఎవరైనా మీదే ఊరని అడిగితే ముందు బందరు అనేసి, తర్వాత దిద్దుకుంటాను.

ఆ కాలానికి ఆడ పశువుల డాక్టరంటే జనానికి వింతగానే ఉండేది. ఈనలేక అవస్థ పడుతున్న గేదెని తోలుకొచ్చిన రైతు నా ముందే నిలబడి, డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా అని నన్నే అడిగేవాడు. నేనేనయ్యా అంటే గేదె వంక ఓసారి, నా చీర వంక ఓసారి చూసి నీళ్ళు నమిలేవాడు. భుజం దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడని సరిచేసి బయటికి లాగాక మాత్రం మారు మాట్లాడేవాడు కాదు. నాకూ నోరు కాస్త ఎక్కువే. మెతగ్గా ఉంటే ఆ ఉద్యోగంలో నెట్టుకురావడం కష్టమని చేరిన కొత్తలోనే అర్థమైంది.

వచ్చే కేసులన్నీ గేదెలు, ఆవులు, మేకలు. ఆవరణలో ఒక ట్రెవిస్ ఉండేది. అంటే ఇనప గొట్టాలతో చేసిన చట్రం. పశువుని అందులో నిలబెట్టి అడ్డకమ్మీ వేస్తే అటూ ఇటూ కదల్లేదు, మన పని మనం చేసుకోవచ్చు. బంటుమిల్లి వైపు నుంచి రొయ్యల చెరువుల వాళ్ళు కూడా వచ్చేవారు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది, ఏదైనా రాసిపెట్టండి అని బతిమాలేవారు. రొయ్యకి సూది ఎక్కడ పొడవనయ్యా అని కసిరేదాన్ని గానీ, వాళ్ళ మొహాలు చూస్తే జాలేసేది. కుందేలుని పట్టుకుని మాత్రం ఎవరూ రాలేదు, సూరమ్మ గారు వచ్చేదాకా.

సూరమ్మ గారిది గొడుగుపేట. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆవిడ పని. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆవిడకి కబురు వెళ్ళేది. పొద్దున్నే వచ్చి, దొడ్లో పీట వేసుకుని కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బారచాపేది. బిడ్డని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్ళు చెంబుతో ధారగా పోసేది. ఆఖర్న నిప్పుల మీద సాంబ్రాణి వేసి తల ఆరబెట్టేది. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు ఏరికోరి ఆవిడనే పిలిపించారు. నేను సెలవులో ఉన్న ఆ కొద్ది నెలలూ మా ఇంట్లో పొద్దు పొడిచేది ఆవిడ గొంతుతోనే. ఇప్పటికీ ఎక్కడైనా సాంబ్రాణి వాసన తగిలితే నాకు గుడి గుర్తుకు రాదు, మా దొడ్లో నూతి పక్కన ఆవిడ కూర్చున్న చోటు గుర్తుకొస్తుంది.

ఆ రోజు పొద్దున ఆవిడ ఒక వెదురు బుట్ట నడుమున పెట్టుకుని, దాని మీద మెత్తటి పాత చీర కప్పి, గేదెల మధ్య నుంచి నా బల్ల దగ్గరికి వచ్చింది. బుట్టలోంచి సాంబ్రాణి వాసన. దాని అడుగున ఇంకో వాసన కూడా ఉంది. అది నాకు బాగా తెలిసినదే, పుండు వాసన. చీర తీసి చూపించింది. తెల్ల కుందేలు, మల్లి అని పేరు. చెవులు వీపుకి అతికించుకుని, బుట్ట మూలకి ముడుచుకుపోయి ఉంది.

ఆవిడ నీళ్ళు పోసి పెంచిన బిడ్డల్లో ఆఖరి ఇద్దరూ ఒక బ్యాంకు ఆఫీసరు గారి పిల్లలు. వాళ్ళకి బదిలీ అయి వెళ్తూ వెళ్తూ, పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్న ఈ కుందేలుని సూరమ్మ గారి చేతిలో పెట్టి వెళ్ళారు. అప్పటికే ఆవిడకి పిలుపులు తగ్గిపోయాయి. కాన్పులన్నీ నర్సింగ్ హోముల్లో అవుతున్నాయి. అక్కడి డాక్టర్లు కాళ్ళ మీద వేసి నీళ్ళు పొయ్యొద్దు, టబ్బులో పొయ్యండి, సున్నిపిండి వద్దు, బేబీ సోపు వాడండి అని చెప్పి పంపుతున్నారు. ఖాళీగా కూర్చోలేని మనిషికి ఈ కుందేలు దొరికింది. దొరికిన దగ్గర్నించీ దానికీ ఆవిడ అదే పని చేస్తోంది. ఆముదం రాయడం, సున్నిపిండితో నలవడం, వేణ్ణీళ్ళు పోయడం, సాంబ్రాణి వేయడం.

సంగతేమిటని అడిగితే కోడలి మీద ఫిర్యాదుతో మొదలుపెట్టింది. కొడుకు చిలకలపూడిలో గిల్టు నగల పనికి వెళ్తాడు. కోడలు పద్మ ఇంట్లోనే గాజులకీ పోగులకీ రాళ్ళు పొదుగుతుంది. సరుకు తీసుకెళ్ళే వ్యాపారస్థులు ఇంటికే వస్తారు. వాళ్ళు గుమ్మంలో కాలు పెట్టగానే ముక్కు మూసుకుంటున్నారని పద్మకి తల కొట్టేసినట్టుగా ఉంది. ఆదివారం లోపల వాసన పోకపోతే దీన్ని ఇంట్లో ఉంచడం కుదరదని మొగుడి చేత చెప్పించింది. తీసుకెళ్తానని ఒకాయన తయారుగా ఉన్నాడట. ఎందుకు తీసుకెళ్తాడో ఆవిడకి తెలుసు. ఆ మాట చెప్పేటప్పుడు కూర అనలేక, అన్నంలోకి అని గొంతు తగ్గించింది.

"రోజూ నీళ్ళు పోస్తన్నానమ్మా. పోసేకొద్దీ ఇంకా కంపు కొడతంది. తిండి కూడా మానేసింది. ఏం పాపమో నాకు తెలీడం లా" అంది.

బల్ల మీద గోనెపట్టా పరిచి కుందేలుని దాని మీద పెట్టాను. తోక చుట్టూ బొచ్చు పెంటతో అట్ట కట్టి ఉంది. వేలితో విడదీస్తే కింద చర్మం ఎర్రగా చెమ్మకి ఒరుసుకుపోయి, అందులో చిన్న చిన్న పురుగులు కదులుతున్నాయి. దీన్ని మేం మాగట్ వూండ్ అంటాం. ఈగలు తడి పుండు మీద గుడ్లు పెడితే అవి పురుగులై మాంసం తింటాయి. పశువులకి వానాకాలంలో మామూలే. పశువైతే పుండులో టర్పెంటైన్ పోస్తాం, ఘాటుకి పురుగులు పైకి వస్తాయి. మా అటెండరు వెంకన్న నేను అడక్కుండానే ఆ సీసా మూత తీస్తున్నాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. గేదె తోలు ఎక్కడ, దీని చర్మం ఎక్కడ. పైగా ఒళ్ళంతా నాక్కునే జంతువు, మందు నేరుగా కడుపులోకి పోతుంది.

కుందేళ్ళ గురించి మా చదువులో చెప్పింది రెండు మూడు పాఠాలు. అదీ ఎక్కువగా మాంసం కోసం పెంచే వాటి గురించి. మిగతాది ఇంగితంతో చూసుకోవలసిందే. కత్తెరతో బొచ్చు తీసేసి, ఫోర్సెప్స్‌తో, అంటే సన్నటి పట్టకారుతో, పురుగుల్ని ఒక్కొక్కటే ఏరాను. అయోడిన్ మందు బాగా పలచన చేసి తుడిచాను. ఒళ్ళు చల్లబడి ఉందని చర్మం కింద కాస్త సెలైన్ ఎక్కించి, వేణ్ణీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టించాను. అంత చేస్తున్నా అది కిక్కురుమనలేదు. వెంకన్న మెచ్చుకోలుగా, ఎంత సాధువో చూడండి మేడం అన్నాడు. నాకెందుకో ఆ నెమ్మది నచ్చలేదు.

దానికి ఏం పెడుతున్నారని అడిగాను. పెరుగన్నం, పాలల్లో నానేసిన బన్ను, అరటిపండు, పండగొస్తే లడ్డూ పలుకులు కూడానట. గడ్డి పెట్టరా అంటే, ఇంట్లో పిల్లకి గడ్డేమిటమ్మా అని నొచ్చుకుంది. ఇంకో సంగతి రహస్యంగా చెప్పింది. అది తన పెంట తనే తింటోందట. ఆ పాడలవాటు మాన్పించాలని తిన్నప్పుడల్లా మూతి కూడా కడుగుతోంది. నాకు నవ్వాగలేదు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుందనీ, మెత్తటి వాటిని మళ్ళీ తింటేనే దానికి బలమనీ, అది గేదె నెమరు వేయడం లాంటిదేననీ చెప్పాను. తీపీ అన్నమూ తిని కడుపు పాడై మెత్తగా పెడుతోంది, అది బొచ్చుకి అంటుకుంటోంది, మీరు నీళ్ళు పోస్తున్నారు, ఈ వానల్లో ఆ బొచ్చు ఆరడం లేదు, తడికి ఈగ వాలుతోంది అని వరసగా విప్పి చెప్పాను. నీళ్ళు ఆపితే వాసన ఆగుతుందన్నాను.

ఆవిడ అన్నీ విన్నది. గడ్డికి ఒప్పుకుంది, అన్నం మానడానికి ఒప్పుకుంది. నీళ్ళ దగ్గరే మొండికేసింది. నీళ్ళంటే దానికి ప్రాణమమ్మా, ఇదిగో మీరే చూడండి అంటూ, నేను వారించేలోపే ఆసుపత్రి అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపింది. కుందేలుని తీసి, కాళ్ళ మధ్య పల్లంలో వెల్లకిలా పడుకోబెట్టింది. అది ఒక్కసారిగా మెత్తబడిపోయింది. ముందు కాళ్ళు ఛాతీ మీదికి వాలి, తల వెనక్కి పడిపోయింది.

"చూశారా? నా కాళ్ళ మీద ఏస్తే చాలు, నిద్రపోద్ది. మీ అమ్మాయి కూడా అంతేగా" అంది మురిసిపోతూ.

దాని కళ్ళు మూసుకోలేదు. తెల్లగుడ్డు కనపడేంత పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. నేను పక్కన కూర్చుని స్టెతస్కోపు దాని ఛాతీ మీద పెట్టాను. నా సర్వీసులో అలాంటి గుండె చప్పుడు నేను వినలేదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ సందు లేదు, వాన రేకు మీద పడ్డట్టు ఒకటే మోత. మాటలతో చెబితే ఆవిడ నమ్మదని తెలిసి, స్టెతస్కోపు తీసి ఆవిడ చెవుల్లో పెట్టాను. చేతులతో బిడ్డల్ని ఎరిగిన మనిషి, ఒక ప్రాణి గుండెని చెవితో వినడం అదే మొదటిసారి అయ్యుండాలి. ఆవిడ మొహంలో మురిపెం నెమ్మదిగా కరిగిపోయింది.

దాన్ని టోనిక్ ఇమ్మొబిలిటీ అంటారు. భయం పట్టలేని చోటికి వెళ్ళినప్పుడు కొన్ని జంతువులు చచ్చినట్టు కదలకుండా పడిపోతాయి. కుక్క నోట చిక్కిన కుందేలుకి మిగిలే ఆఖరి ఉపాయం అది. వెల్లకిలా పడేస్తే దానికి తోచేది అదొక్కటే. నిద్ర కాదండీ, చచ్చిపోతున్నానని అనుకుంటోంది అని చెప్పాను. నా మాట అంత కరుగ్గా ఉండకూడదని తర్వాత అనిపించింది గానీ, మెత్తగా చెబితే రేపు మళ్ళీ చెంబు ఎత్తుతుందని నా భయం. ఆవిడ కుందేలుని బోర్లా తిప్పి, చీర చెంగు కప్పి, బుట్టలో పెట్టుకుంది. నేను చెప్పిన జాగ్రత్తలకి తలూపుతూ వెళ్ళిపోయింది.

కట్టు మార్పించడానికి ఆ వారమంతా వచ్చింది. తడి లేకుండా శుభ్రం చేయడం నేర్పాను. దాన్ని ఎత్తకూడదు, నాలుగు కాళ్ళూ నేల మీదే ఉండాలి. అంటుకున్న చోట కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్ళతో విడదీసి, దువ్వెనతో దులిపెయ్యాలి. మరీ అవసరమైతే పిండిన గుడ్డతో ఆ చోటు ఒక్కటే తుడిచి వెంటనే ఆరబెట్టాలి. మిగతా ఒళ్ళు అదే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. మేతకి వరిగడ్డి, గరిక, దొరికితే ఎండబెట్టిన పిల్లిపెసర. మొవ్వ నుంచి మా దగ్గరికి వచ్చే రైతు ఒకాయన గేదెల కోసం దాచుకున్న పిల్లిపెసర మోపు ఒకటి పంపాడు. ఆవిడ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. పుండు మానింది, పెంటికలు గట్టిపడ్డాయి, వాసన పోయింది. మాట మాత్రం మాట్లాడేది కాదు. మా ఇంటికి వచ్చే రోజుల్లో ఆవిడ నోరు మూయించడానికి నేను ఎక్కడలేని పనీ కల్పించుకోవలసి వచ్చేది. తర్వాత రావడం మానేసింది. జబ్బు నయమైంది గదా, ఇంకెందుకు వస్తుందిలే అనుకున్నాను.

వెంకన్నదీ గొడుగుపేటే. ఒకరోజు సీసాలు కడుగుతూ మాటల మధ్యలో చెప్పాడు. వాళ్ళ పక్క వీధిలో బట్టల కొట్టు వాళ్ళ కోడలికి కొడుకు పుట్టాడట. నర్సింగ్ హోము డాక్టరు ఏం చెప్పినా, ఆ ఇంటి పెద్దావిడ మాత్రం సూరమ్మే నీళ్ళు పోయాలని పట్టుబట్టి కబురు చేసిందట. సూరమ్మ గారు చేతులు నొప్పులని చెప్పి రానందట. ఎన్నాళ్ళుగానో ఒక్క పిలుపు కోసం వీధి వంక చూస్తూ కూర్చున్న మనిషి ఆవిడ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు బండి గొడుగుపేట వైపు తిప్పాను. పద్మ వసారాలో కూర్చుని గాజులకి రాళ్ళు అతుకుతోంది. నేను అనుకున్నంత గయ్యాళి కాదు, కళ్ళు లాగేసిన, అలిసిపోయిన మనిషి. కూర్చోమని పీట వేసి, మెల్లగా అంది.

"కుందేలు బానే ఉందండి డాక్టరు గారూ. మా అత్తయ్యే బాలేదు. దాన్ని ముట్టుకోదు, మాతో మాట్టాడదు. నేనే ఏదో అన్నానని మా ఆయన నా మీద ఎగురుతున్నాడు."

లోపలి గదిలో ఒక మూల వరిగడ్డి పరిచి ఉంది. దాని మీద మల్లి, తెల్లగా, పొడిగా, గరిక నములుతోంది. ఎదుటి గోడకి చేరగిలబడి సూరమ్మ గారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది. నన్ను చూసి లేవబోతే వద్దని నేనూ నేల మీదే కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే నోరు విప్పింది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పాలమ్మా. పాతికేళ్ళ పైబడి ఎందరో బిడ్డల్ని ఈ కాళ్ళ మీద ఏసుకున్నా. నీళ్ళు పోస్తా ఉంటే కళ్ళు మూతలు పడేయి. సుకంగా ఉందనుకున్నా. వాళ్ళూ దీని మాదిరే బయపడి కదలకుండా పడున్నారా? మీ అమ్మాయి కూడానా?"

ఛ, అదేం లేదు అనేస్తే అయిపోయేది. కానీ నిజం చెప్పమంది. నేను పశువుల డాక్టర్ని, పసిపిల్లల సంగతి నాకేం తెలుసని తప్పించుకోవచ్చు కూడా. కానీ నేను ఒక బిడ్డ తల్లిని, ఆ బిడ్డని ఆవిడ చేతుల్లో పెట్టిన దాన్ని. మా దొడ్డీ, ఆ పీటా కళ్ళ ముందు మెదిలాయి. గేదె కడుపులో చెయ్యి పెట్టడానికి జంకని నేను, ఆ వేళకి తలుపు చాటున నిలబడి కళ్ళు తుడుచుకునేదాన్ని. అప్పుడు నాకు తోచింది.

మీరు నీళ్ళు పోస్తుంటే మా అమ్మాయి ఏం చేసేదండీ అని అడిగాను. ఏం చేసేది, గుక్కపట్టి ఏడ్చేది అంది. వీధి వీధంతా లేచేది, ఆ పక్కింటి మాస్టారు గారు ఏమిటేమిటని గోడ మీంచి తొంగి చూసేవారు, ఎగిరెగిరి నా ముంజేతి మీద తన్నేది అని చెబుతూ చెబుతూ ఆవిడ పెదవి కొస నవ్వు పుట్టి, అంతలోనే ఆగిపోయింది.

"మరి మల్లి ఎప్పుడన్నా ఏడ్చిందా? తన్నిందా?" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పసిపిల్లకి భయం ఉండదని నేను అనను సూరమ్మ గారూ. కొందరు భయపడే ఉంటారు. కానీ ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని వాళ్ళకి తెలుసు. మీరు గబగబా కానిచ్చేస్తారు, నేను పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంటాను. ఇది అరిస్తే వచ్చేది కుక్కే. అందుకే నోరు మూసుకుంటుంది. మీ చేతుల్లో అంత గట్టిగా ఏడ్చిన పిల్లలు, మిమ్మల్ని నమ్మే ఏడ్చారు."

ఆవిడ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టుగా, గుప్పిళ్ళు వదిలేసేవాళ్ళు అంది. ఏడ్చి ఏడ్చి, ఆఖరి చెంబు పోశాక, గట్టిగా మూసుకున్న గుప్పిళ్ళు వదిలేసి నిద్రపోయేవాళ్ళట. అలా వదలని బిడ్డ ఒక్కటీ లేదట. ఆ మాట అంటూ అంటూ ఆవిడ ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. పద్మ గుమ్మంలో నిలబడి, చేతిలో గాజు అలాగే పట్టుకుని వింటోంది. కాసేపటికి లోపలికి వచ్చి, అత్తగారి పక్కన కూర్చుని, కాఫీ పెట్టనా అత్తయ్యా అని అడిగింది.

వెళ్ళే ముందు ఒక పని చెప్పాను. మల్లిని ఎత్తొద్దు, పిలవొద్దు. రోజూ కాసేపు నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చోండి, పక్కన గరిక పెట్టుకోండి, అది వస్తే వస్తుంది, లేకపోతే లేదు అన్నాను. కూర్చోవడం నాకు చేతకాని పనమ్మా అంది. ప్రయత్నించండి అని వచ్చేశాను.

ఆ తర్వాత నేను గుడివాడలో చేశాను, దివిసీమలో అవనిగడ్డలో చేశాను. తన్నే గేదెల్ని, పొడిచే ఎద్దుల్ని ఎన్నింటినో చూశాను. వాటికి నేను ఎన్నడూ భయపడలేదు. ట్రెవిస్‌లో రాయిలా నిలబడిపోయిన పశువుని చూపించి రైతు, బంగారమండీ, సూది పొడిచినా కదలదు అంటే మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది. ముందు దాని మెడ మీద చెయ్యి వేసి, గుండె విని, అప్పుడు సూది తీస్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి నేను చెప్పిన పాఠం కూడా ఇదొక్కటే. నెమ్మదిగా ఉన్నదల్లా హాయిగా ఉన్నట్టు కాదు. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు, సూరమ్మ గారి కాళ్ళ మీద పడుకున్న మల్లి చెప్పింది.

మల్లి కేసు ముగిసిన రోజు నాకు బాగా గుర్తు. వానలు వెనకబట్టాయి, ఆవరణలో బురద ఆరుతోంది. పొద్దున్నే సూరమ్మ గారు బుట్ట లేకుండా, ఒట్టి చేతులతో, ఇంచుమించు పరిగెత్తుతున్నట్టు వచ్చింది. కుందేలుకి ఏమైందోనని లేచి ఎదురెళ్ళాను. ఆవిడ కుడి చెయ్యి చాపి మణికట్టు చూపించింది. అడ్డంగా పొడుగాటి గాటు, రక్తం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"చూశారా డాక్టరమ్మా? నన్ను గీరింది" అంది. కొత్త బంగారు గాజు చూపిస్తున్నట్టు మొహం వెలిగిపోతోంది. "తనంతట తనే వచ్చి నా కాళ్ళ మీద ఎక్కి కూర్చుంది. తోక కింద దువ్వబోయా. ఒప్పుకోలా. గీరి, తన్ని, దూకి, దూరంగా వెళ్ళి నేల మీద టపీమని కాలేసి కొట్టింది. కొట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది."

చెయ్యి కడిగి మందు రాసి, ధనుర్వాతం సూది పెద్దాసుపత్రిలో వేయించుకుని ఇంటికి వెళ్ళమన్నాను. వేయించుకుంటాలే, ఇప్పుడు కాదు అంది. బట్టల కొట్టు వాళ్ళకి వస్తానని కబురు చేశా, వాళ్ళింట్లో నీళ్ళు కాగుతుంటాయి, వేళ మించిపోతోంది అంటూ వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయింది. ఆ చేత్తో పసివాడిని ముట్టుకోవద్దని వెనక నుంచి కేకేశాను. ఎడం చెయ్యీ, చెంబూ ఉన్నాయిగా, నలవడం వాళ్ళ అమ్మ చేత చేయిస్తాలే అని గేటు దగ్గర నుంచి జవాబు చెప్పింది.

కాసేపాగి చిలకలపూడిలో ఒక కేసు చూడడానికి బయల్దేరాను. గొడుగుపేట మీదుగానే దారి. బట్టల కొట్టు వాళ్ళ ఇంటి ముందుకి వచ్చేసరికి పెరట్లోంచి సాంబ్రాణి పొగ లేస్తోంది. పసివాడి ఏడుపు వీధి చివరి దాకా వినపడుతోంది, దాని మీదుగా సూరమ్మ గారి గొంతు. నేను బండి ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, అక్కడే నిలబడిపోయాను. వాడు ఎవరికీ జంకకుండా, నోరారా ఏడుస్తున్నాడు.